కొత్త తువ్వాల

వేసవి శిబిరానికి వెళ్లేముందు మాకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక మేడం తర్ఫీదు ఇచ్చింది. చేతికి ఒక చార్టు కూడా ఇచ్చింది. అందులో నవ్వే సూర్యుడి బొమ్మ ఉంటే సంతోషం, మబ్బు బొమ్మ ఉంటే దిగులు, వాన పడుతుంటే ఏడుపు. రోజూ పొద్దున్నే పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి "ఈ రోజు మీ మనసులో వాతావరణం ఏమిటి?" అని అడగాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బొమ్మ మీద వేలు పెట్టాలి. ఎవరి వేలు ఎక్కడ పడిందో చూసి, దిగులుగా ఉన్నవాళ్లతో మనం తర్వాత విడిగా మాట్లాడాలి. వినడానికి బాగానే ఉంది. మొదటి రోజే ఒక పిల్ల దాన్ని బోర్లా తిప్పేసింది.

"అక్కా, ఎండ మంచిదని ఎవరన్నరు?" అని లేచి నిలబడింది.

ఎనిమిదో తరగతి పాసైన పిల్ల. నిడమనూరు దాటాక వచ్చే ఒక ఊరు వాళ్లది. సన్నగా, పొడుగ్గా ఉండేది, నోటికి విశ్రాంతి ఉండేది కాదు. "మా ఊళ్లె ఎవ్వలన్న వానొస్తే ఏడుస్తరా? వానొస్తే నవ్వుతరు. ఎండకే గదా ఏడ్సేది" అంది. మిగతా పిల్లలంతా అవునవును అన్నారు. నేను ఏం చెప్పగలను? మే నెల, కోదాడ, పొద్దున ఎనిమిదింటికే గోడ మీద చెయ్యి పెట్టలేని వేడి. సరేనని ఆ రోజే చార్టు మార్చుకున్నాం. మా శిబిరంలో వాన అంటే సంతోషం, ఎండ అంటే దుఃఖం.

నేను అప్పుడు ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్నాను. చదువులో భాగంగా ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. మాది సూర్యాపేట. దగ్గర్లో ఉందని కోదాడ శిబిరంలో చేరాను. సెలవులకు ఖాళీ అయిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో, ప్రభుత్వ బడుల పిల్లల కోసం పెట్టిన శిబిరం అది. ఇంగ్లిష్, బొమ్మలు, కబడ్డీ, నాటకాలు. నా పని పేరు కౌన్సిలర్. నిజానికి చేసేది తలకు నూనె రాయడం, ఉప్మా తినమని బతిమాలడం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడం.

ఆ పిల్లకు బెంగ లేదు. రోజూ వాన బొమ్మ మీదే వేలు పెట్టేది. ఉప్మా మాత్రం ముట్టేది కాదు. ఆఖరి రోజు తల్లిదండ్రుల ముందు ఆడటానికి పిల్లలే ఒక నాటకం అల్లుకున్నారు. ఒక రైతు ఆకాశంలోని మబ్బును కిందికి పిలిచి పంచాయితీ పెడతాడు, వస్తానని చెప్పి ఎందుకు రాలేదో చెప్పమంటాడు. రైతు వేషం ఈ పిల్లదే. తిట్లన్నీ వాళ్ల నాయినవే అని గర్వంగా చెప్పేది. వచ్చిన చిక్కల్లా తలపాగాతోనే. చున్నీ చుట్టుకుంటే తిట్టే వేగానికి అది జారి మెడలో పడేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఈమెకు ఒళ్లు మండేది.

ఆదివారం ఇంటివాళ్లు వచ్చి చూసిపోవచ్చు. ఆ ఆదివారం వాళ్ల నాయిన వచ్చాడు. చేతిసంచిలో తాటిముంజలు తెచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, హాస్టల్ వరండాలోకి ఉత్త కాళ్లతో వచ్చాడు. వద్దన్నా వినలేదు.

"మేడం, మా పిల్లకు వాగుడెక్కువ. జర ఓపిక పట్టాలె" అన్నాడు.

"మాకు బాగానే పొద్దుపోతోందండీ" అన్నాను.

ఆయన సంతోషం ముఖంలో దాగలేదు. కూతురు పక్కన కూర్చుని ముంజలు ఒలిచి నాకూ ఒకటి ఇచ్చాడు. ఆమె నాటకం సంగతంతా ఏకరువు పెట్టి, చివరికి చెయ్యి చాపింది. "నీ తువ్వాల ఇయ్యి నాయినా. చున్నీ ఆగుతలేదు."

ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలను ఒక్క చేత్తో విప్పాడు. ఎర్ర గళ్ల తువ్వాల, ఉతికి ఉతికి మెత్తబడింది. నుదుటి మీద అది కట్టినంత మేరా చామనఛాయగా, కింద ముఖమంతా నల్లగా ఉంది. పిల్ల దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "చెమట వాసనొస్తంది" అంది.

"మరి రైతు వేషానికి అత్తరు వాసనొస్తదా?" అన్నాడాయన.

వెళ్లేటప్పుడు మిట్టమధ్యాహ్నం. కాసేపు ఆగి చల్లబడ్డాక వెళ్లమన్నాను. "వడ్లు కల్లంల ఉన్నయి మేడం. మీ పిల్లలు ఈడ వాన వాన అంటున్నరు, అది గిట్ట ఇప్పుడే వస్తే నా పని ఖతం" అని నవ్వాడు. కూతురితో, "ఆఖరి దినం నాటకం సూడనీకె వస్త గదా, అప్పుడు తీసుకుంట తువ్వాల" అన్నాడు. గేటు దాటి బస్టాండు వైపు నడిచాడు. చెయ్యి నెత్తి మీద అడ్డం పెట్టుకుని నడవడం వరండాలోంచి నేనూ చూశాను.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున, టిఫిన్ గంట కొట్టకముందే, శిబిరం నడిపే సార్ నన్ను ఆఫీసు గదికి పిలిచారు. కోదాడలోనే స్థిరపడిన రిటైర్డ్ హెడ్‌మాస్టర్ ఆయన. ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగారు.

"పిల్ల చిన్నాయన్ని మేడం. మా అన్న పోయిండు" అంది అవతలి గొంతు. ఆయనే చెప్పుకుంటూ పోయాడు. "నిన్న పగటాళ్ల కల్లంల వడ్లు తిరగేస్తుండె. నెత్తిన గుడ్డ గూడ లేదు. కండ్లు తిరుగుతున్నయనుకుంట కూలవడ్డడు. మిర్యాలగూడ దవాఖానకు తీస్కపోయినం. వడదెబ్బ అన్నరు. తెల్లారగట్ల పాణం పోయింది."

నెత్తిన గుడ్డ కూడా లేదు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ గుడ్డ పై అంతస్తులో, పిల్ల దిండు పక్కన ఉంది.

తర్వాత ఫోన్ ఒక ఆడమనిషి తీసుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అమ్మా, నేను పిల్ల మేనత్తను. పోయినోడు నా తమ్ముడు. పిల్లకు చెప్పకు. నాయినకు జరమొచ్చిందని చెప్పి తోల్కరా. తొవ్వల కడుపునిండ ఏమన్న తినిపియ్యి. ఇంటికొచ్చినంక మెతుకు ముట్టది. నువ్వు గూడ తిను బిడ్డా."

ఫోన్ పెట్టేశాక సార్ అన్నారు, "జాగ్రత్తగా తీసుకెళ్లమ్మా. దారిలో ఏం చెప్పకు. పిల్ల బస్సులో తట్టుకోలేదు. అందరం చేసేది అదేగా."

అందరం చేసేది అదే. నాకు కోపం వచ్చింది. నా కోపానికి కారణం ఉంది.

నేను మిర్యాలగూడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నప్పుడు మా నాన్న పోయాడు. మా బాబాయి కారు తీసుకుని వచ్చి, నాన్నకు బీపీ ఎక్కువైంది, నిన్ను చూడాలంటున్నాడు అన్నాడు. సూర్యాపేట వచ్చేదాకా దారి పొడుగునా నా పరీక్షల గురించి అడిగాడు. ఫిజిక్స్ కష్టంగా ఉందా అని అడిగాడు. మధ్యలో ఆపి చెరుకురసం తాగించాడు. నేను నాన్నకు చెప్పాల్సిన కబుర్లు వరుసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. మా సందు మొదట్లో టెంటు కనిపించింది. టెంటు కింద కుర్చీలు, కుర్చీల్లో మా నాన్న ఆఫీసు వాళ్లు. అలా తెలిసింది నాకు. చెప్పినవాళ్లు ఎవరూ లేరు. నోట్లో చెరుకురసం తీపి ఇంకా ఉంది. ఆ రోజు నుంచి బాబాయితో నేను ముక్తసరిగానే మాట్లాడతాను. నా చేతుల్లో ఉంటే ఏ పిల్లనూ ఇలా తీసుకురాను అని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు నా చేతుల్లో పెట్టారు.

దారిలో నిజం చెబుదామనుకుని, అక్కడ మాత్రం నేనూ నాయినకు జ్వరమొచ్చిందనే అన్నాను. పిల్ల పెద్దగా కంగారు పడలేదు. "ఎండల తిరుగుతడు, చెప్తే వినడు" అంది. బయల్దేరబోతూ మళ్లీ పైకి పరిగెత్తి తువ్వాల తెచ్చుకుని మెడలో వేసుకుంది. "ఇచ్చొస్త అక్కా. ఇది లేకుంటే మా నాయినకు తోచది. రేపటికల్ల వచ్చేస్తం గదా? నాటకానికి మళ్ల అడిగి తెచ్చుకుంట." స్నేహితురాళ్లకు తను వచ్చేదాకా రిహార్సల్ ఆపవద్దని గట్టిగా చెప్పింది. చార్టు దగ్గర ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, మబ్బు మీద వేలు పెట్టింది. మేము మార్చుకున్న లెక్కలో మబ్బు అంటే ఏమిటో ఎవరం తేల్చలేదు. వానా రావచ్చు, రాకపోనూ వచ్చు.

కోదాడలో బస్సెక్కి కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చాను. హుజూర్‌నగర్ దాటాక చెప్పాలని అనుకున్నాను. దాటింది. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి, బస్సు వాటిని తప్పుకుంటూ పోతోంది. తలకు తువ్వాలలు చుట్టుకున్న మనుషులు వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడుస్తున్నారు. వాళ్ల తలలు చూడటం నాకు కష్టంగా ఉంది. పిల్ల మాత్రం వడ్లకు మార్కులు వేస్తోంది. "ఇవి పచ్చిగున్నయి. ఇవి మంచిగున్నయి. మా వడ్లు గింతకన్న మంచిగుంటయి."

నేరేడుచర్ల దాటాక చెబుదామనుకున్నాను. అప్పుడే ఆమె పాట ఎత్తుకుంది. మూసీ బ్రిడ్జి మీద, కింద సన్నగా పారుతున్న నీళ్లు చూసి, "అక్కా, ఇది పోయి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. మా నాయిన నన్ను పుష్కరాలకు తీస్కపోయిండు. భుజాల మీద కూసోబెట్టుకున్నడు. నాకు యాదికి లేదు, చెప్తడు" అంది. చెప్తడు అని ఆమె అంటుంటే నేను కింద నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. బస్సులో చెబితే ఏడుపు అందరి కళ్లా పడుతుంది. వాయిదా వెయ్యడానికి నేను సాకులు వెతుక్కుంటున్నానని తెలుసు. అయినా ఆ సాకు నిజం కూడా.

మిర్యాలగూడ బస్టాండులో దిగగానే, "ఆకలైతంది అక్కా" అంది. ఆ రోజు కూడా శిబిరంలో ఉప్మానే. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్ వైపు చూపించి, వడ్లు మిల్లుకు తోలినప్పుడల్లా వాళ్ల నాయిన అక్కడే పూరీ తినిపిస్తాడని చెప్పింది. వాళ్లిద్దరూ ఎప్పుడూ కూర్చునే బల్ల కూడా చూపించింది. అక్కడే కూర్చున్నాం.

తినిపించకుండా తీసుకుపోదామని ఒక క్షణం అనిపించింది. నోట్లో తీపి ఉండగా తండ్రి శవాన్ని చూడటం ఏమిటో నాకు తెలుసు. కానీ తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి, ఆ గొంతుతో, పిల్ల తిండి గురించి అడిగింది. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. పిల్ల ఆబగా తింది. ఆలుగడ్డ కూర ఇంకోసారి వేయించుకుంది. నన్నూ తినమని బలవంతం చేసింది. నేను టీ తెప్పించుకుని గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, "నాయినకు గూడ కట్టించు అక్కా. జరమొస్తే నోరు చప్పగైతది. పూరీ అయితే తింటడు" అంది.

కట్టించాను. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వేడి వేడి పొట్లాన్ని ఆమె తువ్వాల కొంగులో చుట్టుకుంది.

మిర్యాలగూడ నుంచి ఇంకో బస్సు. నిడమనూరు వచ్చింది, పోయింది. వాళ్ల ఊరి స్టేజీ దగ్గర మేమిద్దరమే దిగాం. అక్కడ రేకుల షెడ్డు ఒకటి, సిమెంటు బల్ల ఒకటి. ఊరు లోపలికి కొంచెం దూరం నడవాలి. చెట్ల మీదుగా డప్పుల చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ రాలేదు. టెంటు కనిపించకముందే చెప్పాలి. ఇదే చివరి చోటు. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పిల్లలతో మాట్లాడేటప్పుడు మన కళ్లు వాళ్ల కళ్ల కన్నా కిందనే ఉండాలని తర్ఫీదులో చెప్పారు.

"నీకు ఒక మాట చెప్పాలి. అబద్ధం చెప్పి తీసుకొచ్చాను. ఇంక చెప్పను. నాయినకు జ్వరం కాదురా. నాయిన పొద్దున చనిపోయాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏడుపు వెంటనే రాలేదు. ఒళ్లో పొట్లం వైపు చూసుకుంది.

"మరి ఈ పూరీలు ఎవరికి అక్కా?"

ఆమె చేతులు పట్టుకున్నాను. "ఎట్ల?" అని అడిగింది. చెప్పకపోయినా ఊళ్లో అడుగు పెట్టిన మరుక్షణం ఎవరో ఒకరు చెప్పేవాళ్లే. కల్లంలో ఎండదెబ్బ తగిలిందని చెప్పాను. అప్పుడు చూశాను ఆమె చేతిని. అది నా చేతిలోంచి జారి మెడ దగ్గరికి పోయి తువ్వాలను పట్టుకుంది. పట్టుకుని, తీసెయ్యలేక, ఉంచుకోలేక, అలాగే ఉండిపోయింది.

"తువ్వాల నా దగ్గర ఉన్నది" అంది మెల్లగా.

"ఇది నీ తప్పు కాదు" అన్నాను. ఇలాంటప్పుడు అనాల్సిన మాట అదే. పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో రాశాను కూడా. ఆమె విననే లేదు. "నేను అడగకపోతే నెత్తికుండు గదా" అంది. నీ తప్పు కాదని మళ్లీ అన్నాను. ఇంకోలా మార్చి అన్నాను. నా మాట నాకే ఉత్తదిగా వినిపించింది. ఆమె లేచి ఊరి వైపు నడవడం మొదలుపెట్టింది. నేను వెంట నడిచాను. నిజం చెప్పాలని కదా అన్నేళ్లుగా పట్టుబట్టింది, చెప్పాను, ఇప్పుడు ఈ పిల్ల బతికినన్నాళ్లూ ఆ తువ్వాలను మోస్తుంది. ఆ నడకంతా నాకు వేరే ఆలోచన లేదు.

ఇంటి ముందు టెంటు వేశారు. మమ్మల్ని చూడగానే ఏడుపులు పెద్దవయ్యాయి. తల్లి లోపల ఎక్కడో స్పృహ లేకుండా పడి ఉంది, ఆడవాళ్లు చుట్టూ చేరి విసురుతున్నారు. ఆయనను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. నుదురు మీద ఆ రెండు రంగుల గీత అలాగే ఉంది. తల ఉత్తది. పిల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది, కూర్చోలేదు, ముట్టుకోలేదు. మేనత్త లేచి వచ్చి ఆమెను హత్తుకుంది.

"నా తాన ఉన్నది అత్తా నాయిన తువ్వాల" అని పిల్ల ఆమె భుజంలోకి అంది. "నేను తీస్కపోయిన. అందుకే ఎండ తాకింది."

మేనత్త ఏడుపు ఆగింది. పిల్లను కొంచెం వెనక్కి జరిపి ముఖం చూసింది. ఆ తడి కళ్లలో ఒక్క క్షణంలో ఎంత పని జరిగిందో నేను దగ్గరినుంచి చూశాను.

"ఏం తువ్వాల బిడ్డా? మీ నాయినకు తువ్వాలలు లేవా? మొన్న అంగట్ల కొత్త తువ్వాల కొనుక్కున్నడు. నిన్న నెత్తికి అదే చుట్టుకపోయిండు. నేను సూడలే? ఎండ గంత ఘనం ఉన్నది, తువ్వాల ఏం ఆపుతది?"

పక్కన చిన్నాయన నిలబడి ఉన్నాడు. పొద్దున ఫోన్లో నెత్తిన గుడ్డ కూడా లేదని నాకు చెప్పినవాడు. తల దించుకున్నాడు.

పిల్ల మేనత్త మాటను నమ్మలేదు. పెద్దవాళ్లు పిల్లలకు ఇలాంటివి చెబుతారని ఆమెకు తెలుసు, ఇందాకే స్టేజీ దగ్గర తెలిసింది. నా వైపు తిరిగింది. ఎందుకు తిరిగిందో నాకు తెలుసు. ఇంక అబద్ధం చెప్పను అని నేను మాట ఇచ్చి ఎంతోసేపు కాలేదు.

"అవును. పొద్దున ఫోన్‌లో మీ చిన్నాయన కూడా చెప్పాడు. కొత్త తువ్వాల చుట్టుకున్నాడట" అన్నాను. గొంతు తొణకలేదు. తొణక్కుండా చెప్పగలనని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు ఆ పిల్ల కూర్చుంది. నాయిన కాళ్ల మీద తల పెట్టి, అప్పటిదాకా రాని ఏడుపు ఏడ్చింది. మేనత్త తలెత్తి నన్ను చూసింది. దండం పెట్టలేదు, తల కూడా ఊపలేదు. చూసి, మళ్లీ తన తమ్ముడి దగ్గర కూలబడింది.

పొయ్యి వెలగని ఇల్లు. మధ్యాహ్నం దాటాక, గడప పక్కన ఆ పిల్ల చెల్లెలు, నాలుగైదేళ్లది, ఆకలని చిన్నగా సణుగుతోంది. ఇరుగు పొరుగు వాళ్లు అన్నం తెస్తామన్నారు, ఇంకా రాలేదు. పెద్దపిల్ల లేచి, ఆ పొట్లం తీసుకుని, చెల్లెల్ని ఇంటి వెనక్కు తీసుకుపోయింది. నేను వెనకే వెళ్లాను. చల్లబడి గట్టిపడిన పూరీని తుంచి తుంచి చెల్లెలి నోట్లో పెడుతోంది. "నాయిన తెచ్చిండా?" అని చెల్లెలు అడిగింది. "ఊఁ" అంది అక్క.

సాయంత్రం తీసుకుపోయారు. ఎత్తేముందు పిల్ల ఆ ఎర్ర గళ్ల తువ్వాలను నాయిన మీద వెయ్యబోతే మేనత్త వెయ్యనివ్వలేదు. "నీకిచ్చిండు, నీ తాన్నే ఉండనియ్యి" అంది. నేను ఆఖరి బస్సుకు తిరిగి వచ్చాను. నాటకంలో రైతు వేషం వేరే పిల్ల వేసింది. బాగా చేసిందని అందరూ అన్నారు. నేను చూడలేదు, వంటగదిలో ఏదో పని కల్పించుకున్నాను.

బాబాయిని క్షమించావా అంటే, లేదు. చెరుకురసం ఎందుకు తాగించాడో మాత్రం అర్థమైంది. ఆ తర్వాత ఒకసారి పెళ్లిలో కనిపిస్తే పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు నేను సూర్యాపేటలోనే పిల్లల కోసం పనిచేసే ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ పిల్ల ఇంటర్‌కు సూర్యాపేట హాస్టల్లో చేరింది. అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంది. వాగుడు తగ్గింది. మొన్న వచ్చినప్పుడు చాలాసేపు పరీక్షల గురించి, చెల్లెలి అల్లరి గురించి మాట్లాడి, లేవబోతూ ఆగింది.

"అక్కా, నాయిన కొత్త తువ్వాల ఏమైంది? ఇంట్ల అంత వెతికిన. అమ్మనడిగితే, కొత్త తువ్వాల ఏందే, ఆయన కొననే లేదు అంటది."

తల్లి ఆ రోజు లోపల స్పృహ లేకుండా పడి ఉంది. ఆమెకు మా మాట తెలియదు. చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఎదురుగా కూర్చున్న పిల్ల కళ్లు అప్పటి మాదిరిగానే నా మీద ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆమె ఆ తువ్వాలను వెతుకుతూనే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"అమ్మకు ఆ రోజు ఏమీ గుర్తుండదురా. దాన్ని మీ అత్త నాయిన తల కింద పెట్టింది. ఆయనతోనే పోయింది" అన్నాను.

"నువ్వు సూసినవా?"

"చూశాను."

ఆమె ఊపిరి వదిలింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"అయితే సరే అక్కా. ఆ దినం అందరు జరమొచ్చిందన్నరు, నువ్వొక్కదానివే నాకు నిజం చెప్పినవ్" అని, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.